ఫజీ లాజిక్‌తో బండి వేగాన్ని నిలకడగా ఉంచడం ఎలా?

హైవే మీద బండిని 60 దగ్గర నిలకడగా నడిపే అనుభవజ్ఞుడైన డ్రైవరు పక్కన కూర్చునే అవకాశం దొరికితే, స్పీడోమీటరును వదిలేసి ఆయన కుడి పాదాన్ని గమనించండి. చిన్న ఎత్తు రాగానే పాదం రవ్వంత దిగుతుంది. వేగం పుంజుకుంటోందని తెలియగానే, ఇంకా 60 రాకముందే, కాస్త వెనక్కి వస్తుంది. ఎందుకలా చేశారని అడిగితే "బండి కొంచెం పడిపోతోంది, అందుకే కాస్త ఇచ్చాను" అంటారు. ఎన్ని న్యూటన్ల బలం, ఎంత శాతం థ్రాటిల్ (యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందన్న కొలత) అనే లెక్క ఆయన నోట రాదు. అయినా ఆ మాటలో ఒక నియమం పూర్తిగా ఉంది. ఏది చూశారో, ఎంత చూశారో, ఏం చేశారో అన్నీ చెప్పారు.

ఆ "కొంచెం", "కాస్త", "బాగా" అనే మాటలను యంత్రం లెక్కపెట్టగలిగేలా చేసేదే ఫజీ లాజిక్. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన లోట్ఫీ జాదే 1965లో దీనికి పునాది వేశారు. పదేళ్లు తిరగకముందే లండన్‌లోని క్వీన్ మేరీ కాలేజీలో ఇబ్రహీం మమ్దానీ, ఆయన విద్యార్థి అసీలియన్ కలిసి ఇలాంటి మాటల నియమాలతోనే ఒక చిన్న ఆవిరి యంత్రాన్ని నడిపించి చూపారు. జపాన్‌లోని సెండాయ్ నగరంలో 1987లో మొదలైన మెట్రో రైళ్లను నడపడానికీ, స్టేషన్లో సరైన చోట ఆపడానికీ హిటాచీ సంస్థ ఈ పద్ధతినే వాడింది.

మనం చేయబోయేది అంత పెద్దది కాదు. ముందు కాగితం మీద, తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో, చివరికి నేల మీద తిరిగే చిన్న బండిలో ఒక వేగ నియంత్రికను తయారు చేద్దాం. ఈ వరుసను తప్పకండి. నేరుగా బండితో మొదలుపెట్టిన వాళ్లకు తప్పు నియమాల్లో ఉందో, సెన్సార్‌లో ఉందో, మోటారులో ఉందో తేల్చుకోవడానికే వారాలు పడతాయి. ఇక్కడ నేర్చుకున్నదాన్ని రోడ్డు మీద తిరిగే నిజమైన కారు యాక్సిలరేటర్‌కు మాత్రం ఎన్నడూ తగిలించకండి. దాని వెనుక ఉండవలసిన రక్షణ ఏర్పాట్లు వేరు. అవి ఇంట్లో చేసుకునేవి కావు.

ఏం చూడాలి, ఏం కదపాలి

డ్రైవరు చూసేవి రెండు. ఒకటి, కోరిన వేగానికి ఇప్పుడున్న వేగానికి మధ్య తేడా. రెండు, ఆ వేగం ఇప్పుడు ఎటు పోతోంది, పెరుగుతోందా, తరుగుతోందా, అలాగే ఉందా అన్నది. మన నియంత్రికకూ ఈ రెండే చాలు.

తేడా అంటే కోరిన వేగంలోంచి ప్రస్తుత వేగాన్ని తీసేయగా వచ్చేది. కోరింది 60, ఉన్నది 54 అయితే తేడా +6. బండి 60 దాటితే తేడా మైనస్‌లోకి వెళుతుంది. మార్పు అంటే ఒక సెకనులో వేగం ఎన్ని కి.మీ. పెరిగిందో, తగ్గిందో చెప్పే అంకె.

ఇక కదపవలసింది థ్రాటిల్. ఇక్కడ చాలామంది పొరబడతారు. "తేడా ఇంత ఉంటే థ్రాటిల్ ఇంత" అని నియమాలు రాస్తారు. చదునైన రోడ్డు మీద అది బాగానే పనిచేస్తుంది. ఎత్తు మొదలైతే చిక్కు వస్తుంది. ఎత్తు ఎక్కాలంటే థ్రాటిల్ మామూలు కంటే పది శాతం ఎక్కువ కావాలనుకోండి. మీ నియమాల ప్రకారం ప్రతి ఒక కి.మీ. తేడాకు రెండు శాతం పెరుగుతుందనుకోండి. అప్పుడు ఆ పది శాతం రావాలంటే బండి 5 కి.మీ. వెనకబడే ఉండాలి. వెనకబాటు పోతే థ్రాటిల్ కూడా పోతుంది. అందుకే ఎత్తు ఉన్నంతసేపూ బండి 55 దగ్గరే మూలుగుతూ పోతుంది. ఘాట్ రోడ్డు ఎక్కే బస్సు డ్రైవరు ఇలా చేయడు. వేగం పడిందని పెడల్ కొంచెం నొక్కుతాడు, ఇంకా పడుతుంటే ఇంకొంచెం నొక్కుతాడు, సరిపోయిందనుకున్నాక పాదాన్ని ఆ చోటే ఉంచేస్తాడు.

కాబట్టి మీ నియమాలు థ్రాటిల్ ఎంత ఉండాలో చెప్పకూడదు, ఇప్పుడున్న చోటు నుంచి ఎంత జరపాలో చెప్పాలి. ఫలితం "సెకనుకు +2 శాతం" లాంటి అంకె కావాలి. ఆ జరుపుళ్లన్నీ కూడుకుంటూ పోతే వచ్చేదే అసలు థ్రాటిల్. ఆ మొత్తం 0 కంటే దిగకుండా, 100 కంటే పెరగకుండా కట్టడి చేయండి. కట్టడి లేకపోతే, నిట్టనిలువు ఎత్తులో లెక్క 100 దాటి 180 దాకా పేరుకుపోతుంది. ఎత్తు అయిపోయాక ఆ అదనపు 80 దిగేవరకు బండి వేగం ఆగదు.

మాటలకు హద్దులు గీయండి

తేడాకు ఐదు మాటలు పెట్టుకుందాం. బాగా తగ్గింది, కొంచెం తగ్గింది, సరిగ్గా ఉంది, కొంచెం మించింది, బాగా మించింది. వీటి కేంద్రాలు వరుసగా +16, +8, 0, −8, −16. ప్రతి మాటకూ ఒక త్రిభుజం గీయండి. కేంద్రం దగ్గర దాని ఎత్తు 1. అటు 8, ఇటు 8 దూరం పోయేసరికి సున్నా. పక్క పక్క త్రిభుజాలు సగం సగం ఒకదాని మీద ఒకటి పడతాయి. అలా పడాలి కూడా.

ఏ విలువకైనా ఒక మాట ఎంత వంతు వర్తిస్తుందో తెలుసుకోవాలంటే, కేంద్రం నుంచి అది ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాన్ని 8తో భాగించి, 1లోంచి తీసేయండి. మైనస్ వస్తే సున్నా అనుకోండి. ఉదాహరణకు తేడా +6. "కొంచెం తగ్గింది" కేంద్రం +8, దూరం 2. 2ను 8తో భాగిస్తే 0.25. 1లోంచి తీస్తే 0.75. అంటే ముప్పావు వంతు. "సరిగ్గా ఉంది" కేంద్రం 0, దూరం 6, కాబట్టి పావు వంతు. మిగతా మూడు మాటలకూ సున్నా. 54లో పోతున్న బండిని చూసి డ్రైవరు కూడా ఇలాగే అంటాడు, "కొంచెం తగ్గింది, అయినా దాదాపు సరిగ్గానే ఉంది" అని. రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. ఫజీ లాజిక్ ప్రాణమంతా ఇక్కడే ఉంది.

తేడా 16 దాటితే లెక్కలోకి పంపే ముందే దాన్ని 16 అనేయండి. అటు వైపు −16. అప్పుడు బండి ఆగి ఉన్నా, "బాగా తగ్గింది" అనేది పూర్తిగా 1 గానే ఉంటుంది.

మార్పుకు మూడు మాటలు చాలు. పడిపోతోంది, నిలకడగా ఉంది, పెరుగుతోంది. కేంద్రాలు −2, 0, +2, సగం వెడల్పు 2. ఇక్కడ కూడా హద్దులు దాటినవాటిని −2, +2 దగ్గర ఆపేయండి.

త్రిభుజాల బదులు గంట ఆకారపు వంపులు వాడవచ్చా అని అడుగుతుంటారు. వాడవచ్చు. వేగ నియంత్రణలో దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. ఆ సమయాన్ని పట్టిక మీద పెట్టండి.

నియమాల పట్టిక

ఐదు మాటలు, మూడు మాటలు కలిస్తే పదిహేను నియమాలు. ఒక్కొక్క నియమానికీ ఒక జవాబు అంకె. సెకనుకు థ్రాటిల్ ఎన్ని శాతం జరగాలో అది చెబుతుంది. జవాబును ఇలా నేరుగా అంకెగా ఇచ్చే పద్ధతి జపాన్ పరిశోధకుడు సుగేనో పేరుతో ప్రసిద్ధం. మమ్దానీ పద్ధతిలో జవాబులూ త్రిభుజాలే. వాటి మొత్తం ఆకారానికి గురుత్వ కేంద్రం కనుక్కోవాలి. చిన్న కంట్రోలర్ చిప్‌కు అంకెల పద్ధతి తేలిక. చేతి లెక్కకు కూడా.

నేను వాడే పట్టిక ఇది.

బాగా తగ్గింది: పడిపోతుంటే +8, నిలకడగా ఉంటే +6, పెరుగుతుంటే +1
కొంచెం తగ్గింది: పడిపోతుంటే +6, నిలకడగా ఉంటే +2, పెరుగుతుంటే −2
సరిగ్గా ఉంది: పడిపోతుంటే +4, నిలకడగా ఉంటే 0, పెరుగుతుంటే −4
కొంచెం మించింది: పడిపోతుంటే +1, నిలకడగా ఉంటే −3, పెరుగుతుంటే −7
బాగా మించింది: పడిపోతుంటే −2, నిలకడగా ఉంటే −8, పెరుగుతుంటే −10

రెండో వరుస చివరి గడిని చూడండి. వేగం ఇంకా తక్కువగానే ఉంది, అయినా జవాబు −2. మొదటిసారి పట్టిక నింపే ప్రతి ఒక్కరూ ఇక్కడ ప్లస్ పెడతారు. "తక్కువగా ఉన్నప్పుడు ఎందుకు తగ్గించాలి?" అని వాళ్ల వాదన. లెక్క వేసి చూడండి. బండి 8 కి.మీ. వెనుక ఉంది, సెకనుకు 2 చొప్పున పెరుగుతోంది. అంటే ఇంకో 4 సెకన్లలో 60 వచ్చేస్తుంది. అప్పటికీ పాదం అక్కడే ఉంటే 60 దగ్గర ఆగదు, 65 దాకా పోతుంది. 60 రాకముందే కాస్త వెనక్కి వచ్చిన డ్రైవరు పాదం ఈ గడిలోనే ఉంది. దీనికి అద్దం లాంటిది నాలుగో వరుస మొదటి గడి. వేగం ఎక్కువగానే ఉన్నా అప్పటికే పడిపోతోంది కాబట్టి +1తో మెల్లగా ఆసరా ఇస్తున్నాం.

ఇంకో విషయం. పై వరుసలకు, కింది వరుసలకు అంకెలు సమానంగా లేవు. 8 కి.మీ. తగ్గితే +2, అదే 8 మించితే −3. కావాలనే అలా పెట్టాను. వేగం తగ్గితే ప్రయాణం కొద్దిగా ఆలస్యమవుతుంది, మించితే ప్రమాదం. రెండింటికీ ఒకే తూకం వేసే నియంత్రికను నేను నమ్మను.

అంకెలు ఎటు చూసినా సరిసమానంగా, సమదూరంలో ఉన్న పట్టిక రాస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. త్రిభుజాలు సమానంగా ఉండి, కింద చెప్పబోయే గుణకారపు లెక్క వాడితే, అలాంటి పట్టిక మామూలు సరళ సమీకరణానికి అచ్చంగా సమానం. తేడాను ఒక అంకెతో, మార్పును మరో అంకెతో గుణించి తీసివేస్తే చాలు, అదే జవాబు వస్తుంది. ఇంజినీర్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న పీఐ (ప్రపోర్షనల్-ఇంటిగ్రల్) నియంత్రిక అదే. పదిహేను నియమాలు రాసి చివరికి ఒక్క గీత గీసినట్టు. మీ పట్టికలో ఎక్కడో ఒకచోట డ్రైవరుకు మాత్రమే తెలిసిన వంపు ఉండాలి. మన పట్టికలో అది రెండు చోట్ల ఉంది: 60 దాటిన వైపు, 16 దగ్గరి వరుసల్లో. మీ వాహనానికి అలాంటి వంపు ఎక్కడా అవసరం లేదని తేలితే, పీఐతో సరిపెట్టుకోండి. అది తక్కువ పద్ధతేమీ కాదు.

ఒక క్షణాన్ని చేతితో లెక్కించండి

దీన్ని దాటవేయకండి. కాగితం తీసుకోండి.

కోరింది 60, ఉన్నది 54, వేగం సెకనుకు 0.5 చొప్పున పెరుగుతోంది. తేడా +6కు "కొంచెం తగ్గింది" 0.75, "సరిగ్గా ఉంది" 0.25 అని ఇంతకుముందే చూశాం. మార్పు +0.5కు "నిలకడగా ఉంది" 0.75, "పెరుగుతోంది" 0.25. రెండు రెళ్లు నాలుగు నియమాలు మేల్కొంటాయి. మిగతా పదకొండూ నిద్రలోనే ఉంటాయి.

ఒక నియమం బలం ఎంత? అందులోని రెండు వంతులను గుణించండి.

కొంచెం తగ్గింది, నిలకడ: 0.75 × 0.75 = 0.5625. జవాబు +2. వాటా +1.125
కొంచెం తగ్గింది, పెరుగుతోంది: 0.75 × 0.25 = 0.1875. జవాబు −2. వాటా −0.375
సరిగ్గా ఉంది, నిలకడ: 0.25 × 0.75 = 0.1875. జవాబు 0. వాటా 0
సరిగ్గా ఉంది, పెరుగుతోంది: 0.25 × 0.25 = 0.0625. జవాబు −4. వాటా −0.25

వాటాలు కూడితే +0.5. బలాల మొత్తం 1. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే +0.5. అంటే థ్రాటిల్‌ను సెకనుకు అర శాతం చొప్పున పెంచమని అర్థం. ఇంకా 6 కి.మీ. వెనకబడి ఉన్నా, అప్పటికే పుంజుకుంటున్న బండికి ఇది సరైన సలహాలాగే కనిపిస్తుంది.

చాలా పాఠాల్లో గుణకారం బదులు రెండు వంతుల్లో చిన్నదాన్ని తీసుకోమంటారు. మమ్దానీ చేసింది అదే. ఆ పద్ధతిలో ఇదే లెక్క వేయండి. బలాలు 0.75, 0.25, 0.25, 0.25 అవుతాయి. వాటాలు +1.5, −0.5, 0, −1. మొత్తం సున్నా! థ్రాటిల్ కదపనక్కరలేదని జవాబు. ఎందుకు మారింది? నాలుగో నియమంలో రెండు మాటలూ పావు వంతే నిజం. గుణకారం దాన్ని 0.0625కు కుదించింది. చిన్నదాన్ని తీసుకునే పద్ధతి మాత్రం దానికి పూర్తి పావు బలం ఇచ్చేసింది. −4 అనే పెద్ద జవాబు ఉన్న నియమం కాబట్టి తూకం అటు మొగ్గింది. ఏది వాడినా తప్పు కాదు, రెండూ వాడుకలో ఉన్నవే. ఒకటి పట్టుకుని చివరిదాకా దానితోనే ఉండండి. వేగానికి గుణకారమే నాకు నచ్చుతుంది, దాని జవాబులు జారుడుగా, కుదుపు లేకుండా మారతాయి.

ఇప్పుడు మీరే తేడా −4, మార్పు 0 పెట్టి చూడండి. −1.5 రావాలి. తేడా +4 అయితే +1. అదే దూరం, వేరే జవాబు. పట్టికలో మనం కావాలని పెట్టిన అసమానత ఇక్కడ బయటపడుతుంది. ఈ మూడు జవాబులనూ దాచుకోండి. రేపు ప్రోగ్రాం రాశాక మొదట అడగవలసిన ప్రశ్నలు ఇవే. అది ఈ మూడు అంకెలు చెప్పకపోతే, బండి దాకా పోనక్కరలేదు.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక కారు

ప్రోగ్రాం రాయడం రాకపోయినా ఫర్వాలేదు, ఎక్సెల్ లాంటిదేదైనా చాలు. ఒక్కో వరుస 0.1 సెకను. 600 వరుసలు దించితే ఒక నిమిషం ప్రయాణం.

కారు బరువు 1000 కిలోలు అనుకుందాం. పూర్తి థ్రాటిల్‌కు చక్రాల దగ్గర 3000 న్యూటన్ల బలం, అంటే ఒక శాతానికి 30. టైర్ల రాపిడి 120 న్యూటన్లు. గాలి అడ్డుకునే బలం 0.42 × వేగం × వేగం, ఇందులో వేగం సెకనుకు మీటర్లలో ఉండాలి. 60 కి.మీ. అంటే సెకనుకు 16.7 మీటర్లు, కాబట్టి గాలి దాదాపు 117 న్యూటన్లు. రెండూ కలిపి 237. అంటే చదునైన రోడ్డు మీద 60లో పోవడానికి ఈ కారుకు 8 శాతం థ్రాటిల్ చాలు. నూటికి 3 ఎత్తు వస్తే 1000 × 9.8 × 0.03, అంటే 294 న్యూటన్లు అదనం. థ్రాటిల్‌లో దాదాపు 10 శాతం. అసలు కారు ఇంజిన్ ఇంత సరళంగా ఉండదు. గేర్లు మారతాయి, బలం వేగంతో మారుతుంది. నియమాలను పరీక్షించడానికి మాత్రం ఈ బొమ్మ చాలు.

ప్రతి వరుసలో వరుసగా ఇవి లెక్కించండి: తేడా, మార్పు, ఎనిమిది వంతులు, జరుపుడు, కొత్త థ్రాటిల్, మిగిలిన బలం, కొత్త వేగం. జరుపుడును 0.1తో గుణించి పాత థ్రాటిల్‌కు కలపడం మరవకండి. నియమాల జవాబు సెకనుకు, మన అడుగు సెకనులో పదో వంతు. ఈ 0.1 మరచిపోవడమే నేను తరచుగా చూసే తప్పు. అప్పుడు థ్రాటిల్ పదింతలు వేగంగా కదిలి గ్రాఫంతా రంపపు పళ్లలా వస్తుంది. ఇంకొకటి, బలాన్ని బరువుతో భాగిస్తే వచ్చేది సెకనుకు మీటర్లలో మార్పు. దాన్ని 3.6తో గుణిస్తేనే కి.మీ. లోకి వస్తుంది.

మొదటి పరీక్ష: 40 నుంచి 60కి. వేగం మెల్లగా ఎక్కి, 60ను ఒకటి రెండు కి.మీ. మించి, వెనక్కి వచ్చి నిలుస్తుంది. రెండో పరీక్ష: 60లో నిలకడగా పోతుండగా నూటికి 3 ఎత్తు పెట్టండి. వేగం దాదాపు 3 కి.మీ. పడుతుంది, ఏడు సెకన్ల దగ్గర పడిపోవడం ఆగుతుంది, అర నిమిషం కావచ్చేసరికి మళ్లీ 60. థ్రాటిల్ 8 నుంచి 18కి చేరి అక్కడే ఉంటుంది. డ్రైవరు పాదంలాగే.

ఇప్పుడు పట్టికను చెడగొట్టి చూడండి. మార్పుకు ఇచ్చే బరువు తగ్గించండి. మధ్య వరుసలో +4, 0, −4 బదులు +1, 0, −1 పెట్టి, మిగతా వరుసల్లో కూడా మధ్య అంకెకు అటూ ఇటూ ఒక్కొక్కటే తేడా ఉంచండి. అదే ఎత్తులో వేగం ఈసారి దాదాపు 5 కి.మీ. పడుతుంది. తర్వాత 60 దాటి పైకి పోతుంది, మళ్లీ కిందికి వస్తుంది. ఒక్కో ఊపుకు అర నిమిషం పైనే పడుతుంది. ఇలాంటి కారులో కూర్చున్నవారికి కడుపులో తిప్పుతుంది. ఊగిసలాట కనబడితే మొదట పెంచవలసింది మార్పు వైపు అంకెలనే. చాలామంది తేడా వైపు అంకెలను పెంచి ఊపును ఇంకా ఎక్కువ చేసుకుంటారు.

చిన్న బండి

సామాను కొత్తదేమీ కాదు. ఆర్డునో ఊనో బోర్డు (మన ప్రోగ్రాంను నడిపే చిన్న కంట్రోలర్), ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో బీఓ మోటార్లు అని అమ్మే పసుపు రంగు గేర్ మోటార్లు రెండు, 65 మి.మీ. చక్రాలు, ఆర్డునో చెప్పినంత కరెంటును మోటార్లకు అందించే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ బోర్డు, అంచున 20 గంట్లు (చీలికలు) ఉన్న చక్రపు బిళ్ల, ఆ గంట్లను లెక్కపెట్టే ఆప్టికల్ సెన్సార్. డ్రైవర్ బోర్డులోనే దాదాపు 2 వోల్టులు పోతాయని గుర్తుంచుకుని బ్యాటరీ ఎంచుకోండి. మోటారు రెండు కొనల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ అతికించండి. లేకపోతే మోటారు రొద సెన్సార్ తీగలోకి చొరబడి లేని గంట్లను కూడా లెక్కపెట్టిస్తుంది. సెన్సార్ తీగను ఊనోలో 2 లేదా 3వ పిన్నుకు ఇవ్వండి, బయటి సంకేతాన్ని వెంటనే పట్టుకునే ఇంటరప్ట్ పిన్నులు అవే.

ఇక్కడ నిజమైన పని నియమాల్లో ఉండదు, వేగాన్ని కొలవడంలో ఉంటుంది. 65 మి.మీ. చక్రం చుట్టుకొలత 204 మి.మీ. దాన్ని 20 గంట్లతో భాగిస్తే ఒక్కో గంటుకు 10.2 మి.మీ. బండి సెకనుకు 50 సెం.మీ. పోతుంటే సెకనుకు 49 గంట్లు. ప్రతి 0.1 సెకనుకు లెక్కపెడితే ఒకసారి 4 వస్తాయి, ఎక్కువసార్లు 5 వస్తాయి. 4 వస్తే బండి వేగం 41 అంటుంది ప్రోగ్రాం, 5 వస్తే 51 అంటుంది. బండి నిలకడగానే పోతోంది, లెక్కలో మాత్రం ఉన్నట్టుండి 10 సెం.మీ. పడింది. మార్పు లెక్కిస్తే సెకనుకు 100కు పైగా పడిపోతున్నట్టు కనిపిస్తుంది. మీ నియంత్రిక ఆ అబద్ధాన్ని నమ్మి థ్రాటిల్‌ను ఎగదోస్తుంది, వెంటనే వెనక్కి లాగుతుంది. మోటారు గరగరలాడుతుంది. నేను మొదటి బండి చేసినప్పుడు ఈ గరగరకు కారణం నియమాల్లో ఉందనుకుని రెండు సాయంత్రాలు పట్టికనే దిద్దుతూ కూర్చున్నాను. ముడి అంకెలను తెర మీద వరుసగా అచ్చు వేయించి చూశాక గాని 4, 5, 5, 5, 4 కనబడలేదు.

పరిష్కారం: గంట్లను లెక్కపెట్టకండి, ఒక గంటుకూ తర్వాతి గంటుకూ మధ్య పట్టిన సమయాన్ని కొలవండి. 50 సెం.మీ. వేగంలో అది 20,400 మైక్రోసెకన్లు. ఊనో గడియారం 4 మైక్రోసెకన్ల తేడాను కూడా పసిగడుతుంది. 3,000 మైక్రోసెకన్ల లోపు వచ్చిన సంకేతాన్ని రొద అనుకుని వదిలేయండి. ఇంకో లోపం మిగులుతుంది. చవక బిళ్లల్లో గంట్లు సమదూరంలో ఉండవు, బిళ్ల ఇరుసుకు సరిగ్గా మధ్యలో కూర్చోదు. చివరి 20 గంట్ల సగటు తీసుకుంటే, అంటే ఒక పూర్తి చుట్టు, ఆ వంకర మొత్తం రద్దవుతుంది. దానికి మూల్యంగా వేగం కొద్దిగా ఆలస్యంగా తెలుస్తుంది. ఈ బండికి ఆ ఆలస్యం భరించదగినదే.

తర్వాత మోటారు. ఆర్డునో నుంచి వెళ్లే అంకె 0 నుంచి 255 దాకా. చిన్న అంకెలకు మోటారు మూలుగుతుంది, తిరగదు. బండిని నేల మీద పెట్టి, అంకెను ఐదు చొప్పున పెంచుతూ, ఎక్కడ కదిలిందో రాసుకోండి. మీ థ్రాటిల్ 1 శాతం ఆ అంకె దగ్గర మొదలై 100 శాతం 255 దగ్గర ముగియాలి. సున్నా మాత్రం సున్నాగానే ఉంచండి.

పట్టికను మార్చకండి, కొలబద్దలను మార్చండి. తేడా కేంద్రాలను సెం.మీ. లోకి మార్చి 8, 16 గానే ఉంచి మొదలుపెట్టవచ్చు. మార్పు కేంద్రాన్ని బండినే అడగాలి. 50 దగ్గర నిలకడగా పోతుండగా మోటారు అంకెను 20 పెంచి, వేగం సెకనుకు ఎంత చొప్పున ఎగబాకిందో చూసి, ఆ అంకెను "పెరుగుతోంది" కేంద్రంగా పెట్టండి. చిన్న బండి కారు కంటే ఎన్నో రెట్లు చురుకైనది, 2 అసలు సరిపోదు. చివరికి పదిహేను జవాబులన్నిటినీ గుణించే ఒకే ఒక అంకె ఉంచుకోండి. చిన్నదిగా మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోండి. బండి ఊగడం మొదలైన చోట ఆగి, సగానికి రండి. ఒకసారి ఒకే అంకెను మార్చండి, మార్చిన ప్రతిసారీ తారీఖు వేసి రాసుకోండి.

నేల మీద వదిలే ముందు ఈ ఒక్క పని చేయకుండా ముందుకు పోవద్దు. సెన్సార్ తీగ ఊడిపోయిందనుకోండి. గంట్లు రావు. నియంత్రికకు బండి ఆగిపోయినట్టు కనిపిస్తుంది. "బాగా తగ్గింది, నిలకడగా ఉంది", జవాబు +6. ఇంకా పెంచు, ఇంకా పెంచు. నియమాలన్నీ సరిగ్గా ఉన్నాయి, లెక్కంతా సరిగ్గా ఉంది, బండి మాత్రం పూర్తి వేగంతో గోడకు తగులుతుంది. ఫజీ లాజిక్ ఎంత తెలివైనదైనా, తనకు అందిన అంకె అబద్ధమని దానంతట అది తెలుసుకోలేదు. కాబట్టి నియమాలకు బయట, వాటికంటే పైన, ఒక కాపలా పెట్టండి. బండి కదలడానికి కావలసినంత థ్రాటిల్ ఇచ్చాక అర సెకను గడిచినా ఒక్క గంటూ రాకపోతే మోటారును పూర్తిగా ఆపేయాలి, మళ్లీ చేత్తో మీట నొక్కేదాకా కదలకూడదు. బండిని పుస్తకాల మీద ఎత్తి పెట్టి, చక్రాలు గాలిలో తిరుగుతుండగా సెన్సార్ తీగను మీ చేత్తో లాగండి. చక్రాలు ఆగాలి. పదిసార్లు లాగితే పదిసార్లూ ఆగాలి.

అప్పుడు దించండి. మీటరు పొడవు చెక్క పలకకు ఒక చివర కింద 5 సెం.మీ. మందం పుస్తకం పెడితే నూటికి 5 ఎత్తు. దాని ముందు రెండు మూడు మీటర్ల చదును నేల ఉండేలా చూసుకుని బండిని వదలండి. పలక ఎక్కేటప్పుడు మోటారు శబ్దం ముందు బరువెక్కి, తర్వాత కుదురుకుంటుంది. అదే పరుగును సగం వాడిన బ్యాటరీతో మళ్లీ చేయండి. థ్రాటిల్ అంకెలు మొదటిసారి కంటే పైన కనిపిస్తాయి, వేగం మాత్రం 50 దగ్గరే ఉండాలి.